డేటా సెంటర్లు వస్తున్నాయి.. సర్వర్ మూత తీయడం వచ్చా?

విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందన్న వార్త వచ్చిన రోజు మీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఏం నడిచిందో నేను ఊహించగలను. ‘ఏఐ కోర్సు ఎక్కడ బాగా చెప్తారు?’, ‘పైథాన్ ఒక్కటీ చాలా?’, ‘అమీర్‌పేటలో ఫీజు ఎంత?’. మా కాలేజీ జూనియర్ల గ్రూపులోనూ ఇవే ప్రశ్నలు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. అసలు ఆ భవనం లోపల రోజూ చేసే పనేంటి?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ముందు అడగాల్సింది అదే. ఎందుకంటే పెట్టుబడి ఎంత వస్తోందన్నది ఒక లెక్క, అందులో మీకు దొరికే పని ఏంటన్నది ఇంకో లెక్క. పేపర్లో మొదటిది పెద్ద అక్షరాల్లో వస్తుంది. రెండోది మనమే తెలుసుకోవాలి.

లెక్క ముందు చూద్దాం

2025 అక్టోబర్ 14న గూగుల్ చేసిన ప్రకటన ప్రకారం విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం 2026 నుంచి 2030 వరకు సుమారు 1,500 కోట్ల డాలర్లు పెడుతుంది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. కరెంటు వాడకం గిగావాట్ స్థాయిలో ఉంటుందని చెప్పారు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గరున్న సింహాద్రి ఎన్టీపీసీ ప్లాంటు మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే ఆ ప్లాంటులో సగం కరెంటును కంప్యూటర్లే తాగేస్తాయన్నమాట.

హైదరాబాద్ ఈ దారిలో ముందే ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో తన రీజియన్ ప్రకటించింది. ఇవన్నీ నిజమైన పెట్టుబడులే. అనుమానం అక్కర్లేదు.

కానీ ఉద్యోగాల దగ్గరకు వచ్చేసరికి కాస్త ఆగండి. విశాఖ ప్రాజెక్టుతో ప్రత్యక్షంగా, పరోక్షంగా లక్షకు పైగా ఉద్యోగాలని ప్రభుత్వం చెప్పింది. ‘పరోక్షంగా’ అన్న మాటలో భవనం కట్టే మేస్త్రీ నుంచి క్యాంటీన్ నడిపే ఆయన దాకా అందరూ ఉంటారు. అది తప్పు లెక్క కాదు. కాకపోతే బీటెక్ పట్టా పట్టుకుని నిలబడ్డ మీ లెక్క వేరు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని మెయిడెన్ అనే చిన్న ఊళ్లో యాపిల్ వంద కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడితే, అందులో వచ్చిన పూర్తికాలపు ఉద్యోగాలు 50 అని అప్పట్లో పత్రికలు రాశాయి. నిర్వహణ, భద్రత లాంటి పనుల్లో మరో 250 దాకా అన్నారు. డేటా సెంటర్ అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్ కాదు. యంత్రాలు వేలల్లో, మనుషులు వందల్లో ఉండే చోటు అది.

మరి ఆ కొద్దిమందిలో ఎవరు ఉంటారు? ‘నాకు ఏఐ వచ్చు’ అనేవాళ్ల కన్నా, ‘ఈ సర్వర్‌కు ఏమైందో నేను కనిపెట్టగలను’ అనేవాళ్లకే అక్కడ చోటు ఎక్కువ.

చెడిపోవడం మామూలే

కొత్తవి, ఖరీదైనవి కాబట్టి ఈ సర్వర్లు చెడిపోవు అనుకుంటాం. మెటా కంపెనీ లామా 3 మోడల్‌ను శిక్షణ ఇచ్చినప్పటి వివరాలను 2024లో బయటపెట్టింది. 16,384 జీపీయూలు 54 రోజులు పనిచేస్తే, అనుకోకుండా పని ఆగిపోయిన సందర్భాలు 419. అంటే సగటున మూడు గంటలకోసారి ఏదో ఒకటి ఆగింది. వాటిలో దాదాపు 78 శాతానికి కారణం హార్డ్‌వేరే, లేదా హార్డ్‌వేర్ అన్న అనుమానం. జీపీయూలు, వాటి మీదుండే మెమరీ, కేబుళ్లు, పవర్ సప్లయ్‌లు.

ఇంకో సంగతి కూడా ఆ పేపర్లో ఉంది. మధ్యాహ్నం వేడికి జీపీయూల వేగం మారి, మొత్తం పనిలో 1 నుంచి 2 శాతం తేడా కనిపించింది. మధ్యాహ్నం పూట ఫ్యాన్ కింద కూర్చుని చదివితే మనకు కునుకు వచ్చినట్టే, వేడెక్కిన చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇక విశాఖలో సముద్రపు గాలి సంగతి అక్కడి వాళ్లకు నేను చెప్పాలా? బైక్ సైలెన్సర్‌కు, కిటికీ ఊచలకు తుప్పు ఎంత తొందరగా పడుతుందో రోజూ చూస్తున్నదే. ఆ తేమను, ఉప్పును సర్వర్ల దాకా రానీయకపోవడం కూడా ఒక ఉద్యోగమే.

హార్డ్ డిస్కుల సంగతీ అంతే. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తన లెక్కలను క్రమం తప్పకుండా బయటపెడుతుంది. 2024లో వాటిలో సుమారు 1.57 శాతం పాడయ్యాయి. చిన్న అంకెలా ఉంది కదా? మీ దగ్గర లక్ష డిస్కులుంటే ఏడాదికి 1,570. అంటే రోజుకు నాలుగు. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు.

ఆగిపోయినదాని కన్నా నెమ్మదించినది కష్టం

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. గొప్ప కోసం కాదు. నా తెలివితక్కువతనం చెప్పడానికే.

ఇంజినీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఓ చిన్న సంస్థలో, సర్వర్ సపోర్ట్. ఓ క్లయింటు బిల్లింగ్ సర్వర్ ఉన్నట్టుండి నెమ్మదించింది. ఆగలేదు. నెమ్మదించింది, అంతే. రెండు సెకన్లలో వచ్చే బిల్లు అర నిమిషం పడుతోంది. కౌంటర్ దగ్గర క్యూ. ఫోన్ల మీద ఫోన్లు.

నేను ‘టాప్’ కమాండ్ కొట్టి చూశాను. లోడ్ 40 దాటింది. సీపీయూ మాత్రం పెద్దగా పని చేయట్లేదు. ఈ రెండూ కలిసి ఎలా వస్తాయో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని పక్కన పెట్టేశాను. అదే నేను చేసిన మొదటి తప్పు. రెండో తప్పు, సర్వర్ రీస్టార్ట్ చేశాను. ఏమీ మారలేదు. మూడోది, ర్యామ్ పెంచమన్నాను. పెంచారు. ఏమీ మారలేదు. ఈలోగా డెవలపర్లు క్వెరీలు తిరగరాశారు, నెట్‌వర్క్ చూసే ఆయన కేబుల్ మార్చాడు. మూడు రోజులు పోయాయి.

మూడో రోజు సాయంత్రం మా సీనియర్ ఒకాయన వచ్చాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, పదేళ్లకు పైగా సర్వర్లు విప్పి బిగించినాయన. కూర్చోకుండానే అడిగాడు: ‘తమ్ముడూ, ఎప్పటి నుంచి స్లో అయింది? టైమ్ చెప్పు.’ సోమవారం పదింటి ప్రాంతంలో అన్నాను. ‘ఆ టైమ్‌కి హార్డ్‌వేర్ లాగ్‌లో ఏముంది?’ నేను చూడలేదు. అలాంటి లాగ్ ఒకటి వేరేగా ఉంటుందనే నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. ఆయన తెరిచాడు. సోమవారం పొద్దున 9:52కి ఒక్క లైను ఉంది. రెయిడ్ కంట్రోలర్ బ్యాటరీ పాడైందని.

అదేంటో చెప్తాను. సర్వర్‌లో డిస్కులన్నిటినీ నడిపించే కార్డును రెయిడ్ కంట్రోలర్ అంటారు. డేటా రాయమని అడిగితే, అది ముందు తనలో ఉన్న చిన్న మెమరీలో పెట్టుకుని ‘రాసేశాను’ అని చెప్తుంది. తర్వాత తీరిగ్గా డిస్కు మీద రాస్తుంది. అందుకే వేగం. మధ్యలో కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నది పోకుండా కాపాడేది ఆ చిన్న బ్యాటరీ. బ్యాటరీ పాడైతే కంట్రోలర్ రిస్కు తీసుకోదు. ప్రతి అక్షరాన్నీ డిస్కు మీద రాశాకే ‘సరే’ అంటుంది. డేటా భద్రం. వేగం మాత్రం హుళక్కి. ప్రోగ్రాములన్నీ డిస్కు కోసం బారులు తీరి నిలబడతాయి. లినక్స్‌లో అలా డిస్కు కోసం ఆగినవాటిని కూడా లోడ్‌లో కలుపుతారు. అందుకే సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ 40. జవాబు మొదటి రోజే నా కళ్ల ముందు ఉంది.

బ్యాటరీ మార్చడానికి పట్టింది గంటలోపు. కనిపెట్టడానికి పట్టింది మూడు రోజులు. జీతం ఇచ్చేది ఆ గంటకు కాదు, ఆ మూడు రోజుల్ని పది నిమిషాలు చేయగలిగినందుకు.

నాలుగు చోట్లు, మూడు ప్రశ్నలు

చెడ్డ మెకానిక్ బండి ఇవ్వగానే ప్లగ్గు మారుస్తాడు, తర్వాత కార్బురేటర్ అంటాడు, చివరికి ఇంజిన్ దించుతాడు. మంచి మెకానిక్ ముందు స్టార్ట్ చేసి వింటాడు. సర్వర్ దగ్గర కూడా అంతే. వినడానికో పద్ధతి ఉండాలి.

పెర్ఫార్మెన్స్ రంగంలో పేరున్న బ్రెండన్ గ్రెగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. కొత్తవాళ్లకు నేను ముందు అదే చెప్తాను. సర్వర్‌లో చూడాల్సిన చోట్లు ప్రధానంగా నాలుగు: సీపీయూ, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్. ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఎంత వాడుకలో ఉంది? దాని కోసం ఎంత క్యూ పేరుకుంది? తప్పులేమైనా నమోదయ్యాయా? పన్నెండు జవాబులు రాసుకునేసరికి చాలాసార్లు దొంగ దొరికిపోతాడు. నేను ఆ రోజు డిస్కును ‘క్యూ ఎంత?’ అని అడిగి ఉంటే చాలు.

దీనికి ఇంకో మూడు అలవాట్లు జోడించండి. ఒకటి, ఎప్పటి నుంచి మొదలైంది, దానికి ముందు ఏం మారింది అని అడగడం. రెండు, అన్ని సర్వర్లకూ ఉందా, ఒక్కదానికేనా అని చూడటం. ర్యాక్ మొత్తానికి ఉంటే కరెంటో, కూలింగో, స్విచ్చో. ఒక్కదానికే ఉంటే ఆ డబ్బాలోనే ఉంది. మూడు, ఒకసారి ఒక్క మార్పే చేయడం. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

‘సర్వర్ స్లోగా ఉంది, ఏం చేస్తావ్?’ అన్నది ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. చాలామంది జవాబు ‘రీస్టార్ట్ చేస్తాను సార్’. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే ఊడ్చి కడిగేస్తే ఎలా ఉంటుందో, ఏమీ చూడకుండా రీస్టార్ట్ చేయడం అలా ఉంటుంది. కొన్నిసార్లు తప్పదు. కానీ ముందు లాగ్‌లు, అంకెలు భద్రపరచాలి.

హెచ్చరికను పట్టించుకోకపోతే..

ట్రబుల్‌షూటింగ్ అంటే చెడిపోయాక చేసే పని. దాని అన్న మెయింటెనెన్స్. చెడిపోకముందే చేసే పని. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కొట్టకపోయినా ఎందుకు చేయాలో చెప్పడానికి దక్షిణ కొరియా ఉదంతం చాలు.

2025 సెప్టెంబర్ 26న ఆ దేశంలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు వచ్చాయి. యూపీఎస్‌కు చెందిన లిథియం బ్యాటరీలను వేరే చోటికి తరలించే పనిలో ఉండగా ఇది జరిగింది. ఆ బ్యాటరీలు 2014లో పెట్టినవి, పదేళ్ల వారంటీ దాటినవి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. అన్నిటికన్నా బాధాకరం, ప్రభుత్వ ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది. దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు. సాంకేతికతలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం అది. అక్కడ దెబ్బతీసింది పెద్ద హ్యాకర్ కాదు. వయసు మళ్లిన బ్యాటరీ, లేని బ్యాకప్.

చాలా భాగాలు చెప్పాపెట్టకుండా పోవు. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ చిన్న తప్పుల్ని తనే సరిచేసుకుంటూ లెక్క రాసిపెడుతుంది. గూగుల్ సర్వర్లపై 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు నమోదయ్యాయని తేలింది. ఆ లెక్క పెరుగుతోందంటే మాడ్యూల్ సెలవు అడుగుతోందని అర్థం. డిస్కులో ‘స్మార్ట్’ లెక్కలు, ఫ్యాన్ వేగం, ఉష్ణోగ్రత, పవర్ సప్లయ్ స్థితి, అన్నీ సర్వర్ లోపలున్న ఓ చిన్న నిర్వహణ చిప్ చెప్తూనే ఉంటుంది. డెల్‌లో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈలో ఐఎల్ఓ అంటారు. చదివేవాళ్లు కావాలి, అంతే.

ఏఐ వస్తే ఈ పనీ పోతుందా?

మంచి ప్రశ్న. దాచకుండా చెప్తాను. కొంత పోతుంది. ఇందాకటి లామా ఉదాహరణలోనే, అన్నిసార్లు పని ఆగినా మనుషులు గట్టిగా కల్పించుకోవాల్సి వచ్చింది మూడుసార్లేనని మెటా రాసింది. మిగతావి ఆటోమేషన్ చూసుకుంది. పాడైన యంత్రాన్ని పక్కన పెట్టి, పనిని ఇంకో యంత్రానికి మార్చడం సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది. కాబట్టి ‘ఎర్ర లైటు వెలిగింది, డిస్కు తీసి ఇంకోటి పెట్టాను’ అన్నంతవరకే మీ నైపుణ్యం అయితే, దానికి భవిష్యత్తు తక్కువ.

కానీ పక్కన పెట్టిన ఆ యంత్రం దగ్గరకు ఎవరో ఒకరు వెళ్లాలి. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఫోన్లన్నీ చుట్టేసింది. సరైన అప్‌డేట్ గంటన్నరలోపే సిద్ధమైంది. అయితే ఏం లాభం? ఆన్ కాని కంప్యూటర్ ఆ అప్‌డేట్‌ను అందుకోలేదు. చాలాచోట్ల మనిషి ఒక్కో యంత్రం దగ్గరకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది. ఆ వారం ప్రపంచానికి కావాల్సి వచ్చింది చేతులు. ఏం చేస్తున్నాయో తెలిసిన చేతులు.

మీరు ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు

లక్ష రూపాయల కోర్సు అవసరం లేదు. ఇంట్లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంటే మంచిది. ప్లగ్ తీసేసి మూత తెరవండి. దుమ్ము దులపండి. ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి. లినక్స్ వేయండి. పాత డబ్బా లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ చాలు. అందులో మూడు ఉత్తుత్తి డిస్కులతో రెయిడ్ కట్టండి. కావాలనే ఒక డిస్కును పీకేయండి. డేటా ఉందా? కొత్త డిస్కు పెట్టి తిరిగి కట్టండి. కడుతున్నంతసేపూ వేగం ఎంత తగ్గిందో కొలవండి. తర్వాత సీపీయూ మీద, డిస్కు మీద కావాలనే భారం వేసి, ‘టాప్’, ‘ఐఓస్టాట్’ అంకెలు ఎలా మారుతున్నాయో చూడండి. స్నేహితుడితో కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. ఒకరు పాడు చేయాలి, ఇంకొకరు కనిపెట్టాలి.

ప్రతిసారీ నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయండి. ఏం కనిపించింది, ఏం కొలిచాను, కారణం ఏంటి, ఎలా సరిచేశాను. ఇరవై పేజీలు నిండాక ఆ పుస్తకం పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి. అందరి రెజ్యూమెలోనూ ఉండే ప్రాజెక్టు కన్నా అది ఎక్కువ మాట్లాడుతుంది. సర్టిఫికెట్ కావాలనుకుంటే రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ లాంటిది చూడండి. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, యంత్రం మీద చేసి చూపించాలి.

డిప్లొమా, ఐటీఐ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకు కూడా. డేటా సెంటర్‌లో సర్వర్ల ఉద్యోగాలు సగమే. మిగతా సగం కరెంటు, కూలింగ్. ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ ట్రేడులు చదివినవాళ్లు అక్కడ చిన్నవాళ్లు కారు. చల్లటి గాలి ఆగితే ఎంత గొప్ప సర్వరైనా నిమిషాల్లో చేతులెత్తేస్తుంది.

ఇష్టపడని నిజాలు కూడా వినండి. నైట్ షిఫ్టులుంటాయి. మొదట్లో చాలావరకు కాంట్రాక్టు సంస్థల ద్వారానే తీసుకుంటారు. జీతం మీ కోడింగ్ స్నేహితుడి ప్యాకేజీ కన్నా తక్కువతో మొదలవొచ్చు. అక్కడి నుంచి లినక్స్ అడ్మినిస్ట్రేటర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్ వైపు మెట్లున్నాయి, కానీ ఎక్కాల్సింది మీరే. ఇంకో మాట, ‘గూగుల్ డేటా సెంటర్‌లో ఉద్యోగం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేయండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, ఫీజు అడగడు.

మా సీనియర్ ఆ రోజు బ్యాటరీ మార్చి వెళ్తూ నన్ను తిట్టలేదు. ‘నలభై లోడ్ చూశావు కదా, ఎందుకో తెలియలేదు కదా. తెలియనప్పుడు అక్కడే ఆగాలి తమ్ముడూ’ అన్నాడు, అంతే. ఈ ఉద్యోగం గురించి నాకు తెలిసినదంతా ఆ మాటలోనే ఉంది. డేటా సెంటర్లు కట్టడానికి ఇంకా టైమ్ ఉంది. ఈలోగా మీ ఇంట్లో ఆ పాత డెస్క్‌టాప్ ఎక్కడుందో వెతకండి.